దొరసాని పేరు, బర్రె దాకా

నా చిన్నప్పుడు మా చెల్లెలికి పెట్టిన పేరు చెబితే ఇప్పటి కుర్రకారు, "టీవీలో చూసి పెట్టారా తాతా?" అంటారు. ఒళ్ళు మండుతుంది. గోరేబాళ ఊరి పక్కన మా వలస క్యాంపులో కరెంటే లేని రోజులవి, టీవీ ఎక్కడిది!

తుంగభద్ర కాలువ వస్తోందని గోదావరి వైపు నుంచి వచ్చి, ముళ్ళకంపలు నరికి మడులు చేసుకున్నవాళ్ళం. నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకే చెల్లి పుట్టగానే మా నాయనమ్మ పెంటమ్మ అని పెట్టాల్సిందే అంది. అలాంటి పేరుంటే మృత్యువు కూడా ఏవగించుకుని పోతుందని ఆవిడ నమ్మకం. మా అమ్మ ససేమిరా అంది. "నా బిడ్డ పెంట కాదు. ఆ పేరైతే ఉయ్యాల్లో వెయ్యనే వెయ్యను!" బారసాల నాడు చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. ఉయ్యాల మాత్రం ఖాళీ. నాన్న గొడ్ల చావిట్లో దాక్కున్నాడు.

అప్పుడొచ్చింది పక్కింటి యానాం అత్తయ్య. ఆవిడ పేరు సిల్వీ. వాళ్ళ నాన్న యానాంలో ఫ్రెంచి దొర బంగళాలో వంటవాడు. దొరసాని మీద గౌరవం కొద్దీ ఆమె పేరే కూతురికి పెట్టుకున్నాడు.

"నా పేరు పెట్టుకోండి," అంది అత్తయ్య.

దొరసాని పేరనగానే అమ్మ మొహం వెలిగింది. నాయనమ్మ మొహం మాడింది.

"అంత సోకు పేరెట్టి యముడికి దారి చూపిత్తావేంటే?"

"సోకా పాడా పిన్నిగారూ! వాళ్ళ భాషలో అడివని అర్థం. దొరసానే చెప్పిందంట."

"ఏం అడివి? టేకు చెట్ల అడివా?"

దిష్టి తగలకుండా పురిటి గది గుమ్మంలో పెట్టిన ముళ్ళకంప వైపు చూసింది అత్తయ్య. "మీరు తిట్టుకుంటూ నరికినదో? అదీ అడివేగా!"

నాయనమ్మ అరికాళ్ళకు ఆ ముళ్ళ సంగతి బాగా తెలుసు. "అయితే ముళ్ళకంపమ్మన్నమాట. దీన్నెవడు ముట్టుకుంటాడు!" అంటూ తనే బిడ్డను ఉయ్యాల్లో వేసింది.

మాకు పాలు పోసే గోరేబాళ ఆవిడ ఇదంతా విని, "ఏందమ్మా, గా పేరుల గంత బలముందా? మా బర్రెకు దూడలు బతుకుతలేవు. దానికి గూడ గదే పెడ్త!" అని పెట్టేసింది. ఆ ఏడు దూడ బతికింది. అమ్మ మాత్రం ఆవిడతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

నాకు బడి చదువు లేదు. పెద్దయ్యాక సొంతంగా అక్షరాలు నేర్చుకుని నిఘంటువులు నేనే తిరగేశాను. అత్తయ్య అబద్ధమాడలేదు. లాటిను భాషలో అడవి అని అర్థమున్న మాటలోంచే పుట్టిందా పేరు. కానీ నేను దాచుకున్నది ఆ అర్థాన్ని కాదు, అమ్మ భయం, నాయనమ్మ భయం రెండూ అత్తయ్య కనిపెట్టిన తీరుని. ఇప్పుడు మా ఇంట్లో ఏ తగువొచ్చినా, ఎవరి మాట ఒప్పని అడగను, ఎవరికేం భయమని అడుగుతాను.

చెల్లికి అరవై దాటాయి. ఫోన్లో "ఏమే ముళ్ళకంపా!" అంటే, "ఇంకా గుచ్చుకుంటూనే ఉన్నా అన్నయ్యా," అంటుంది. ఆ గొంతు వినగానే, గుమ్మంలో ఆ కంప ఇంకా అలాగే ఉందనిపిస్తుంది.