గాజులు తొడిగే చేతికి పరీక్ష

రెండేళ్ల కిందట, వానాకాలం మొదట్లో, భద్రాచలంలోని ఒక ప్రైవేటు దవాఖానాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరాను. జబ్బు చేసిన మనిషి మళ్లీ గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, తన పని తాను చేసుకోవడం నేర్పించే ఉద్యోగం. విభాగంలో నేనే జూనియర్‌ని. పాప పుట్టాక మానేశాను. పాప నా వేలు పట్టుకుని వదలకపోతే, అది మామూలే అని తెలిసినా కాసేపు భయంగా చూస్తాను. అప్పుడు మహబూబీ గుర్తొస్తుంది.

గుడికి వెళ్లే దారిలో ఆమెకు గాజుల దుకాణం ఉంది. నాకు ఐదో నెలప్పుడు, పార్కిన్సన్స్ అని తేల్చి డాక్టరు గారు ఆమెను నా దగ్గరికి పంపారు.

"నా చేతుల గాజులు పగులుతున్నయ్ బిడ్డా. మొన్న ఒక పిల్లకు రక్తమొచ్చింది. ఇంకొక్కసారి గిట్లయితే ఇంట్ల కూసోమంటుంది కోడలు" అంది.

పట్టు బలం కొలిచాను. తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు గుచ్చి తీయించాను. పరీక్షప్పుడు మాట్లాడనివ్వకపోవడం మా పద్ధతి. కాస్త నెమ్మదే తప్ప లోపం కనిపించలేదు. 'పని కొనసాగించవచ్చు' అని కేస్ షీట్‌లో రాశాను. సీనియర్ సంతకం పెట్టారు. మహబూబీ దాని నకలు కోడలికి చూపిస్తానని మురిసిపోయింది.

ఏడో నెలలో సీమంతం గాజులకు అత్తయ్యతో ఆ దుకాణానికే వెళ్లాను. మహబూబీ నా వేళ్లు దగ్గరికి కూర్చి, బొటనవేలు లోపలికి మడిచి, గాజు ఎక్కిస్తూ మొదలుపెట్టింది.

"మీ ఆయన వండుతడా, తినుడొక్కటేనా? మా ఆయన అయితే నీళ్లు కాగబెట్టమంటే గిన్నె మాడగొట్టిండు!"

నేను నవ్వుతుండగానే ఆమె వేళ్లు నా చేతిమీద బిగిశాయి. ఆమెకది తెలియలేదు. గాజు చిట్లి నా మణికట్టు గీసుకుంది. కడుపుతో ఉన్న పిల్ల చేతిలో గాజు పగిలిందని అత్తయ్య ముఖం పాలిపోయింది.

"సూసినవా అత్తమ్మా! ఇది గాజుల దుకాణమా, కట్లు కట్టే దవాఖానానా?" అంది గల్లాపెట్టె దగ్గరున్న మహబూబీ కోడలు.

మహబూబీ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు నాకు తట్టింది. ఈ జబ్బులో చేతి బలం అంతగా తగ్గదు, పట్టుని అవసరమైనంతే బిగించి వదలడం కష్టమవుతుంది. అలవాటైన పనికి కూడా మనసు పెట్టాలి. మనసు మాటల్లోకి వెళ్తే చెయ్యి బిగుస్తుంది. నా గదిలో పరీక్షప్పుడు ఆమె మాట్లాడలేదు, అందుకే లోపం బయటపడలేదు.

ఈసారి మాట్లాడకుండా తొడగమన్నాను.

"ముచ్చట పెట్టకపోతే నీ చెయ్యి బిర్రుగైతది. గాజెట్ల ఎక్కుతది?"

"నేను మాట్లాడతాను. మీరు వినొద్దు" అన్నాను.

కడుపులో బిడ్డ ఓ గంట కదలకపోతే నాకెంత భయమో, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాను. ఆమె పెదవుల మీద ఒకటి, రెండు లెక్కపెట్టుకుంటూ తొడిగింది. గాజులన్నీ ఎక్కాయి.

"ఇప్పుడు చెప్పు బిడ్డా, ఏదో అన్నవ్. ఒక్కటి వినలే" అంది. అత్తయ్య కూడా నవ్వేసింది.

"ఇగ ముచ్చట్లు నీ డ్యూటీ" అని మహబూబీ కోడలికి చెప్పింది. కోడలు గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

ఈ జబ్బు ముదిరేదే గాని పోయేది కాదు. నేను మానేసేనాటికి మాత్రం ఆమె దుకాణంలోనే కూర్చుంటోంది. ఆమె కేస్ షీట్ దిద్ది, నా పొరపాటు సీనియర్‌కు చెప్పాను. ఆ తర్వాత ప్రతి చేతినీ రెండుసార్లు పరీక్షించాను, ఒకసారి మౌనంగా, ఒకసారి మనిషిని మాట్లాడిస్తూ. పని చేసుకోవచ్చా లేదా అన్నది రెండోదాన్ని చూసే రాశాను.