ఏటా ఒక సాలు

భూముల రీసర్వే రెండో విడత మొదలైనప్పుడు నన్ను ఎమ్మిగనూరుకు దగ్గరలోని ఒక మండలానికి మండల సర్వేయరుగా వేశారు. నా పదవీ విరమణకు అప్పటికి పద్నాలుగు నెలలుంది. ఇల్లు ఆదోనిలో. పొద్దున ఏడు గంటల బస్సుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ని. గ్రామ సచివాలయాల్లో పనిచేసే సర్వేయర్లు నా కింద పదకొండు మంది ఉండేవారు. వాళ్లలో ఒకమ్మాయి నాగవేణి. తుగ్గలి దగ్గర పల్లె ఆమెది. అమ్మానాన్నలు కూలికి పోయే మనుషులు. డిప్లొమా చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది.

నేను కథలు రాస్తాను. అప్పటికి ముప్పై ఏళ్లలో ఇరవై మూడు కథలు అచ్చయ్యాయి. జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, పేపర్లో చదివినవీ బస్సులో విన్నవీ వరసగా నంబర్లు వేసి రాసుకునేవాణ్ని. నూరు దాటాయి. రాయడానికి కూర్చుంటే వాటిలో ఒక్కటీ కదిలేది కాదు. రెండేళ్లుగా ఏమీ రాయలేకపోయాను. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పేపర్లో నాగవేణి కథ వచ్చింది. కొలతకు వచ్చిన ఒక ముసలావిడ పొలమంతా మాకంటే ముందు నడుస్తూ, మట్టిలో కూరుకుపోయిన హద్దురాళ్లను కాలి బొటనవేలితో తడిమి చూపించిన సంగతి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆలస్యం అవుతోందని ఆ ముసలావిడను విసుక్కున్నది కూడా నేనే. ఆ వారం తహసీల్దారు సమీక్షా సమావేశంలో, మీ శాఖలో మంచి రచయిత్రి ఉందట కదా అని నన్నే అడిగాడు. నేను రాస్తానని ఆయనకు తెలియదు. అవునండీ అన్నాను. తర్వాతి వారం దూరపు సర్వే నంబర్లన్నీ నాగవేణికే వేశాను. పని అవసరం అని నాకు నేను చెప్పుకున్నాను.

రీసర్వేలో మా పని ఇలా ఉంటుంది. ముందు డ్రోను ఎగిరి ఊరి పటం తీస్తుంది. తర్వాత రైతులకు నోటీసులిచ్చి, పక్క పొలాల వాళ్లను కూడా పిలిచి, హద్దు ఎక్కడో వాళ్ల చేతనే చూపించుకుంటాం. చూపించిన చోట రోవరు పెట్టి రీడింగు తీస్తాం. రోవరంటే పొడవాటి కర్రకు తగిలించిన పరికరం. ఉపగ్రహాల నుంచి సంకేతం అందుకుని, నిలబెట్టిన చోటు ఎక్కడో అంగుళాల తేడాతో చెబుతుంది. ఆ కొలతను పాత ఎఫ్.ఎం.బి.తో, అంటే ప్రతి సర్వే నంబరుకూ తాతల కాలంలో గీసిన కొలతల పటంతో పోలుస్తాం. తేడా వస్తే, ఇద్దరు రైతులూ ఒప్పుకుంటే ఉన్న గట్టునే హద్దుగా రాస్తాం. ఒప్పుకోకపోతే అది తగాదా కింద పైకి పోతుంది.

వేరుశెనగ పీకేసిన ఒక ఎర్రనేలలో ఈరన్న అనే రైతుదీ, పక్కన నరసమ్మ అనే ఆమెదీ పొలాలు కొలిచాం. నరసమ్మ భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఎమ్మిగనూరులో ఆటో నడుపుతాడు. ఈరన్న పొలం రికార్డు కంటే పదకొండు సెంట్లు తక్కువ వచ్చింది. ఆమెది సరిగ్గా అంతే ఎక్కువ వచ్చింది. మా లెక్కలో తక్కువ వచ్చినవాడు కేకలెయ్యాలి. ఈరన్న మాత్రం ఉన్నట్టే రాయమని సంతకం పెట్టాడు. పాత కొలతలే తప్పేమో అంది నరసమ్మ. రైతుకు అభ్యంతరం లేదు అని రాయించి నేను పక్క నంబరుకు వెళ్లిపోయాను. నాగవేణి రోవరు విప్పి సర్దుతూ కాసేపు ఈరన్నతో మాట్లాడింది.

సాయంత్రం ఎమ్మిగనూరుకు ఆటోలో వస్తూ, నీకు కథలెట్లా దొరుకుతాయమ్మా అని అడిగాను. తేలిగ్గా అడిగినట్టు అడిగాను గాని, చాలా రోజులుగా లోపల కుతకుతలాడుతున్న ప్రశ్న అది. ఏమీ రాసిపెట్టుకోనని చెప్పింది. వారం దినాలైనా మనసులోంచి పోకపోతే అప్పుడు దాని దగ్గర కూర్చుంటానంది. తర్వాత ఈరన్న చెప్పిన మాట నాకు చెప్పింది. ఆ గట్టు తనే జరిపాడట. దుక్కి దున్నే కాలంలో ఏటా ఒక సాలు, అంటే అడుగు నేల, తన పొలంలోకి గట్టును లాక్కుంటూ వచ్చాడట. అట్లా పన్నెండేళ్లు.

సర్వీసంతా గట్లు జరిపినవాళ్లతోనే గడిచింది నాకు. తన మీదికి తనే గట్టు జరుపుకున్న మనిషి ఒక్కడూ తగల్లేదు. తగిలిన ఒక్కడూ నాతో మాట్లాడలేదు.

ఇది రాస్తావా అని అడిగాను.

“ఎందుకు జరిపినాడో నాకింకా తెలీదు సార్. ఇంగోసారి పోయి ఆయప్పను అడగల్ల. సెప్తే సెప్తాడు, లేకుంటే లేదు. అంతవరకు ముట్టుకోను.”

ఆ కథ నాకు దొరికి ఉంటే అనుకుంటూ ఆదోని బస్సెక్కాను. బస్సు దిగేసరికి ఆ మాట మారిపోయింది. ఆ పొలం కొలిచింది నేను, సంతకం పెట్టించింది నేను, ఆమెది ఎట్లా అవుతుంది అనుకున్నాను. కారణం తెలియకపోతే కల్పించుకోవడమే కదా కథకుడి పని అని కూడా అనుకున్నాను. మూడు సాయంత్రాల్లో కథ పూర్తయింది. నేను పెట్టిన కారణం వయసులో ఉన్నప్పటి ప్రేమ. అతను ఆమెను చేసుకోవాలనుకుని చేసుకోలేకపోయాడు, ఆమె మొగుడు పోయాక ఏటా ఒక సాలు ఇస్తూ వచ్చాడు. పేర్లు మార్చాను. గట్టు, వేరుశెనగ, పన్నెండేళ్లు మార్చలేదు. పంపిన నాలుగో రోజే సంపాదకుడు ఫోను చేశాడు. ముప్పై ఏళ్లలో ఏ సంపాదకుడూ నాకు ఫోను చేయలేదు.

అచ్చయిన ఆదివారం ఆదోని బస్టాండులో నాలుగు ప్రతులు కొన్నాను. సోమవారం ఒకటి ఆఫీసులో, నాగవేణి కూర్చునే బల్ల మీద కనబడేట్టు పెట్టాను. ఆ పని ఎందుకు చేశానో నాకు బాగా తెలుసు. ఆమె నిలబడే చదివింది. చివరిదాకా చదివి పేపరు మడిచింది. బాగుంది సార్ అంది. తర్వాత, ఆయప్పను అడిగినారా సార్ అంది. కథకు అడగడమెందుకమ్మా అన్నాను. ఆమె మడిచిన పేపరు నా చేతికి తిరిగిచ్చింది. ఆమె ముఖం చూసి నాకు సంతోషం కలిగింది. అది దాచి రాయడం ఇప్పుడు అనవసరం.

మా కొలతల తర్వాత ముసాయిదా రికార్డు ఊళ్లో ప్రకటిస్తారు. అభ్యంతరాలుంటే రాసివ్వడానికి గడువు ఉంటుంది. ఆ గడువులో నరసమ్మ ఆఫీసుకు వచ్చింది. పేపర్లో కథ ఎవరో ఫోటో తీసి ఊరందరి ఫోన్లకూ పంపారట. కొలత రోజున చుట్టుపక్కల రైతులు కూడా ఉన్నారు కాబట్టి ఎవరి గట్టో ఊరికి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. కొడుకు ఆటోస్టాండులో ఒకడితో కొట్లాడి వచ్చి తల్లితో మాట్లాడ్డం మానేశాడు. ఈరన్న కూడా వచ్చాడు గాని లోపలికి రాలేదు. బయట వరండాలో నాగవేణి ఎదురుపడితే, నీకొక్కదానికే సెప్పినా గదమ్మా అన్నాడట. రాసింది తను కాదని ఆమె అనలేదు. తప్పు తనదేనని చెప్పింది. ఇది నాకు మా అటెండరు చెప్పాడు.

నరసమ్మ నా ముందు దరఖాస్తు పెట్టింది. హద్దు పాత ఎఫ్.ఎం.బి. ప్రకారమే వెయ్యాలి అని ఉంది అందులో. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా, చట్టప్రకారం ఆ పదకొండు సెంట్లు నీకే ఉంటాయి అని చెప్పాను.

“ఒగరి సాళ్లు నాకొద్దు సార్. పేపర్లో రాసినోరు మీరే గదా. మీకు తెల్సినట్ల మీరు రాసుకున్నారు. గట్టు నేను సెప్పినట్ల పెట్టండి.”

దరఖాస్తు తీసుకుని నంబరు వేశాను. డిప్యూటీ తహసీల్దారు విచారణలో ఈరన్న కూడా ఒప్పుకున్నాడు. రాయి పాతడానికి ఉత్తర్వు వచ్చింది. మండల సర్వేయరు స్వయంగా పాయింటు చూపించాలి కనక నేనే వెళ్లాను. నాగవేణి రోవరు పట్టుకుంది. చూడ్డానికి ఊళ్లోవాళ్లు పదిమంది దాకా వచ్చారు.

గుంత తవ్వుతుండగా ఈరన్న నరసమ్మ వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. పదిహేనేళ్ల కిందట వంకకు పెద్ద నీళ్లొచ్చిన ఏడాది తన చేను కొట్టుకుపోకుండా పైన రాతికట్ట కట్టుకున్నాడు. తర్వాతి వానకు ఆ కట్టకు తగిలిన నీళ్లు తిరిగి ఆమె చేనులో పడి, కింది భాగంలో మట్టంతా ఊడ్చుకుపోయాయి. అది తన కట్ట వల్లేనని అతనికి తెలుసు. ఆమె భర్త కోర్టుకెక్కే మనిషని భయపడి నోరు విప్పలేదు. ఆయన పోయాక చెప్పడానికి ముఖం చెల్లలేదు. అందుకే గట్టు జరుపుతూ వచ్చాడు.

నేను పైకి చూశాను. రాతికట్ట అక్కడే ఉంది. డ్రోను పటంలోనూ వంక పక్కన తెల్లటి గీతలా స్పష్టంగా ఉంది. ఆ పటం రెండు నెలలు నా బల్ల మీదే ఉంది. నీళ్లు ఎటు తిరుగుతాయో నేల చూసి చెప్పగలిగే పని ముప్పై ఏళ్లు చేసినవాణ్ని. కథ రాసేటప్పుడు నేను ఆ పటం తెరిచి చూడనే లేదు.

నరసమ్మ కూడా ఆ కట్ట వైపు చూసింది. ఆ తర్వాత అంది.

“ఈ మాట ముందే సెప్పింటే తీసుకునేదాన్నే ఈరన్నా. న్యాయమే గదా అది. ఇప్పుడు తీసుకుంటే ఆ పేపర్లో రాసిందే నిజమంటారు. రాయి పాతండి సార్.”

రాయి పాతించాను. నాగవేణి రీడింగు చదివింది, నేను రాసుకున్నాను. ఇద్దరి సంతకాలూ తీసుకున్నాం. ఆ కథ రాసింది నేనేననీ, అందులోని కారణం నేను కల్పించిందేననీ, నాగవేణికి దానితో సంబంధం లేదనీ ఆ పదిమంది ముందు చెప్పాను. ఈరన్న తల ఊపాడు. నరసమ్మ అప్పటికే గట్టు దిగి వెళ్తోంది.

మూడు నెలల తర్వాత నాగవేణి అడిగి తుగ్గలి వైపు బదిలీ చేయించుకుంది. నేను రిటైరైన ఏడాది ఆమె కథల పుస్తకం వచ్చింది. ఈ గట్టు కథ అందులో లేదు. ఫోను చేసి అడిగితే, నేను రాస్తే నరసమ్మకు మళ్లా అదే గొడవ సార్, వదిలేసినా అంది. అంత మంచి వస్తువును, కారణం కూడా తెలిశాక వదిలేసింది. ఆమె కథలు చూసి ఎంత కుళ్లుకున్నానో, ఆ వదిలేయడం చూసి అంతకన్నా ఎక్కువ కుళ్లుకున్నాను. ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

కథలు ఎట్లా ఎంచుకోవాలని ఎవరైనా నన్ను అడిగితే ఇంతే చెబుతాను. ఎదుటివాళ్ల బతుకులోంచి వస్తువు తీసుకునేటప్పుడు అందులో మనం చూసిందెంత, మనం పెట్టిందెంత అని ముందు విడదీసుకోవాలి. పెట్టింది వాళ్ల పరువుకు తగిలేదైతే వెళ్లి అడగాలి. వాళ్లు చెప్పకపోతే ఆ కథ మనది కాదు.