వ్యాను కోసం చిన్నక్క పరుగు

చిన్నక్కకు కోపం వచ్చిన రోజు చొక్కాలు త్వరగా తెములుతాయని లాండ్రీ యజమాని అనేవాడు. ఆవిరి ఇస్త్రీపెట్టె ముందు నిలబడి, ఎవరి మీద కోపం వస్తే వాళ్ల మెడ అనుకుని కాలరు మీద నొక్కేది. ఆ ఏడాది ఆమెకు కోపం రాని రోజంటూ లేదు.

చిన్నక్క అని మొదట పిలిచింది తమ్ముడు. తర్వాత లాండ్రీలోనూ వీధిలోనూ అదే పేరు నిలిచిపోయింది. వాళ్లిద్దరికీ పైన పెద్దక్క. తల్లిదండ్రులు ముందే పోతే ఇద్దర్నీ పెంచింది ఆవిడే. బేకరీలో పిండి కలిపి తమ్ముణ్ణి చదివించింది. పెళ్లి మాట ఎత్తితే, నాకున్న ఇద్దరు పిల్లలు చాలు అనేది. తమ్ముడు బీమా కంపెనీలో మేనేజరయ్యాడు.

ఆ పెద్దక్కకు కేన్సరు ముదిరి, ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్లు పంపేశాక, చిన్నక్క తన ఇంటి ముందుగదిలో ఆమెకు మంచం వేసింది. అలాంటి రోగులను ఇళ్లకు వెళ్లి చూసే సేవా సంస్థ ఒకటి ఊళ్లో ఉంది. అక్కణ్ణుంచి పెద్ద నర్సు వచ్చి నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, పక్క మార్చి, పెద్దక్కతో కాసేపు వేళాకోళాలాడి వెళ్లేది. తమ్ముడు మాత్రం ఫోన్లోనే పలకరించేవాడు. "వచ్చే వారం వస్తా చిన్నక్కా, ఆఫీసులో ఆడిటింగు జరుగుతోంది" అనేవాడు. ఆ వచ్చే వారం రానేలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు వేళకు రాలేదు. పెద్దక్క అరిచి అరిచి గొంతు పోయి దిండు కొరుకుతుండగా, భుజాన సంచీతో, చెమటతో తడిసి ముద్దయి వచ్చింది.

"వ్యాను మళ్లీ ఆగిపోయిందమ్మా. తోశాను, కదల్లేదు. రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాను."

అలా వచ్చిన మనిషిని ఏమంటుంది? అనలేకపోయిన మాటలన్నీ చిన్నక్క లోపలే ఉండిపోయాయి. కొన్నాళ్లకే పెద్దక్క పోయింది.

కొత్త వ్యాను కొనడానికి సంస్థ మారథాన్ పెట్టింది. పరిగెత్తేవాళ్లు తమకు తెలిసినవాళ్లను చందా అడగాలి. మొత్తం దూరం పూర్తి చేస్తేనే చందా ముడుతుంది. నర్సు ఈ సంగతి చెప్పీ చెప్పగానే చిన్నక్క పేరిచ్చేసింది. బడి మానేశాక ఆమె పరిగెత్తింది బస్సు కోసం మాత్రమే.

మొదటిరోజు వీధి చివరికి వెళ్లేసరికి డొక్కలో పోటొచ్చి, ఎవరిదో మెట్టు మీద కూలబడింది. అయినా లాండ్రీ తెరిచే వేళకు ముందే రోజూ బయల్దేరేది. బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. పరుగు తర్వాత రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే పిక్కలు రాళ్లయ్యేవి.

"మీ ఆవిడ ఎవర్నైనా తరుముతోందా, ఆవిణ్ణే ఎవరైనా తరుముతున్నారా అని ఎదురింటావిడ అడిగింది" అన్నాడు భర్త.

"ఏం చెప్పారు?"

"ఇంకా తేలలేదన్నాను."

చందాలు కూడా అదే ఊపులో అడిగేది. ఉతికిన కోటు కౌంటరు మీద పెట్టి, దాని మీంచి చెయ్యి తియ్యకుండా వ్యాను సంగతి చెప్పేది. "నువ్వడిగే తీరుకి, ఇవ్వకపోతే కోటు కాలుస్తావేమోనని హడలిపోతున్నారు" అన్నాడు యజమాని. "ఇస్తున్నారుగా" అంది చిన్నక్క.

ఇలా ఉండగా ఒకరోజు భర్త ఫోను తెచ్చి చూపించాడు. కొత్త బూట్లతో తమ్ముడి ఫొటో, పక్కన పెద్దక్క పాత ఫొటో. తనూ మారథాన్ పరిగెత్తుతున్నాడట. కింద ఇలా రాశాడు: "అమ్మలా పెంచిన పెద్దక్క చివరి శ్వాస వదిలేటప్పుడు ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది."

చిన్నక్క అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

"ఎవరి చెయ్యి పట్టుకున్నావురా?"

"అది కాదు చిన్నక్కా. జనం చదవాలంటే కొంచెం అలా రాయాలి. చందాలు ఎలా వస్తున్నాయో చూడు. నేను పూర్తి చేస్తే మా కంపెనీ కూడా అంతకి అంత కలుపుతానంది."

"ఆ చెయ్యి చివర్లో ఎలా అయిపోయిందో తెలుసా నీకు? ఉంగరం జారిపోతుంటే దారం చుట్టాను."

"నాకు మాత్రం బాధ ఉండదా?"

"ఉంటే నీ బాధ రాసుకో. నా చెయ్యి తీసుకుని నీదని రాయకు."

ఫోన్ పెట్టేసి తిన్నగా నర్సు దగ్గరికి వెళ్లి, తమ్ముడి చందాలు తీసుకోవద్దంది. నర్సు సిరంజిలు సర్దుతూనే, "తీసుకుంటానమ్మా. నీకు కోపం ఉండాల్సిందే. కానీ దానికోసం నా రోగుల్ని నొప్పితో ఎదురుచూసేలా చెయ్యలేను" అంది. చిన్నక్కకు ఆవిడ మీదా కోపమొచ్చింది. ఆవిడ అన్నది నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

మారథాన్ రోజు తమ్ముడు ఎదురొస్తే ముఖం తిప్పుకుంది. వాడు అందరికంటే ముందు దూసుకుపోయాడు. సగం దూరం దాటాక, ఎండ బాగా ముదిరిన వేళ, పెట్రోలు బంకు పక్కన పేవ్‌మెంటు మీద కనిపించాడు. ఒక బూటు విప్పి, పిక్క పట్టుకుని, పాలిపోయి కూర్చున్నాడు. చిన్నక్క ఆగలేదు. కొంత దూరం వెళ్లాక కంపెనీ కలిపే డబ్బు గుర్తొచ్చింది. పళ్లు నూరుకుంటూ వెనక్కి వచ్చింది.

"లే."

"నావల్ల కాదు చిన్నక్కా."

"నీవల్ల కాదని నాకెప్పుడో తెలుసు. లే."

కూర్చుని వాడి పిక్క పిసికింది. చిన్నపిల్లాడిలా కేకపెట్టినా వదల్లేదు. తర్వాత వాడి చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. చాలాసేపటికి వాడు నోరు విప్పాడు.

"భయమేసింది. వచ్చి చూస్తే పెద్దక్క పెద్దక్కలా ఉండదని."

"ఉండలేదు. నాకు భయం వెయ్యలేదనుకున్నావా? తలుపు బయట నిలబడి, ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లేదాన్ని. తమ్ముడొచ్చాడా అని అడిగేది. దారిలో ఉన్నాడని చెప్పేదాన్ని. పోయే మనిషికి నాచేత అబద్ధం చెప్పించావు."

వాడు ఏడ్చాడు. చిన్నక్క ఓదార్చలేదు, భుజం మీది చెయ్యి మాత్రం తీసెయ్యలేదు. నిర్వాహకులు దారికి కట్టిన తాళ్లు చుట్టేస్తుండగా ఇద్దరూ ముగింపు గీత దాటారు.

మర్నాడు తమ్ముడు రాసింది మార్చాడు. "పెద్దక్క చెయ్యి పట్టుకున్నది నేను కాదు, మా చిన్నక్క. నేను భయపడి వెళ్లలేదు" అని పెట్టాడు. దాని కింద జనం విరగబడి మెచ్చుకున్నారు. ఎంత నిజాయితీ సార్ అన్నారు, మీ ధైర్యానికి జోహార్లు అన్నారు. చందాలు ఇంకా పెరిగాయి.

"పట్టుకున్నానన్నా పొగిడారు, పట్టుకోలేదన్నా పొగిడారు" అంటూ చిన్నక్క ఫోను సోఫా మీదికి విసిరేసింది. భర్తకు నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి వంటింట్లోకి జారుకున్నాడు.

వ్యాను వచ్చింది. తాళాలు అప్పగించే రోజు తమ్ముడు వస్తానంటే, ఫొటోలు, ఉపన్యాసాలు లేకపోతేనే రమ్మంది. వచ్చి వెనకాల నిలబడ్డాడు. చిన్నక్క పలకరించలేదు. ఇంతలో నర్సుకు ఫోనొచ్చింది. ఒక ముసలాయన మంచం మీంచి పడ్డాడు, లేపడానికి ఇంట్లో మనిషి సాయం లేదు.

చిన్నక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఎక్కు."

వాడు వ్యాను వైపు చూశాడు. "అక్కడ ఆయన... బాగా ఉన్నాడా?"

"లేడు. అందుకే ఎక్కమంటున్నా."

తమ్ముడు నర్సు పక్కన ఎక్కి కూర్చున్నాడు. చిన్నక్క తలుపు వేసింది, అవసరమైనదానికన్నా గట్టిగా.