వార్డెనమ్మ విప్పించని మూట

మా హాస్టలు వార్డెనమ్మగారు పోయారు. పోయిన చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. మా ఆయన ఏదో పని మీద బిట్రగుంటలో దిగి, ఎటూ వచ్చాం కదా పలకరించి పోదామని రైల్వే కాలనీలో, రిటైరయ్యాక ఆమె ఉంటున్న తమ్ముడి ఇంటికి వెళ్ళారు. ఆ తమ్ముడు గుమ్మంలోనే చెప్పాడట: "అక్క లేదయ్యా. జొరమొచ్చినాది, తగ్గలా." ఈయన ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే నాకా మాట చెప్పారు. నేను బియ్యం ఏరుతున్నాను. చేటలో మిగిలిన బియ్యం కూడా ఏరాను. ఏడుపు రాలేదు. ఎసరు మరుగుతుంటే లేచి బియ్యం కడిగాను.

ఆమెను దేవతను చేసి రాయడం నాకు చేతకాదు. చేస్తే ఆమెకే నవ్వొస్తుంది. కావలి మిషను హాస్టల్లో ఆమె చేతికింద చదువుకున్న ఆడపిల్లలెవరికైనా ముందు గుర్తొచ్చేది మజ్జిగ. అంత పల్చటి మజ్జిగ నేను మళ్ళీ ఎక్కడా తాగలేదు. ఆ తర్వాత గుర్తొచ్చేది ఆమె పాట. సాయంత్రం ప్రార్థనలో అందరికంటే గట్టిగా, అందరికంటే కాస్త వెనకగా పాడేవారు. మాలో సగం మందిమి హిందువుల పిల్లలం. మమ్మల్ని పాడమని బలవంతం చేసేవారు కాదు గానీ, నవ్వామో, తెల్లారి తలకు నూనె పెట్టేటప్పుడు జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజేవారు.

ఆమె అలవాటు ఒకటి మాకు వింతగా ఉండేది. మేమంతా పడుకునే పెద్ద గదిలోకి ఆమె ఎప్పుడూ నేరుగా వచ్చేవారు కాదు. తలుపు బార్లా తీసి ఉన్నా సరే, బయటే నిలబడి గొళ్ళెం ఆడించి, "రావొచ్చునామ్మా?" అని అడిగేవారు. మా ఇళ్ళల్లో మమ్మల్ని అట్లా అడిగిన మనిషి లేడు. కొత్తగా చేరిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వేవాళ్ళు. రావొద్దంటే ఏం చేస్తారని ఒక గడుగ్గాయి అడిగింది. "బయటే నిలబడతా. ఏం, నాకు కాళ్ళు లేవా?" అన్నారు.

శనివారం మా రేకు పెట్టెలన్నీ ఎండలో పెట్టించేవారు, నల్లుల కోసం. తినేవి దాచి చీమలు పట్టించామేమో కూడా చూడాలి. అయితే ఆమె ఏనాడూ మా పెట్టెల్లో చెయ్యి పెట్టలేదు. పీట వేసుకుని కూచుని, "నువ్వే తియ్యి, నువ్వే దులుపు, నువ్వే సర్దు" అనేవారు. మీరే గబగబా వెతికేస్తే పని అయిపోతుంది కదా అని వంటావిడ ఒకసారి విసుక్కుంది. "దీనికి ఇంట్లో గది లేదు, ఈడ గది లేదు. ఉండేది ఈ పెట్టె. అందులో గూడా నేను చెయ్యి పెట్టాల్నా?" అన్నారు ఆమె.

ఇప్పుడు నా పెట్టె సంగతి చెప్పాలి. నేను ఫోర్తు ఫారంలోకి, అంటే తొమ్మిదో తరగతిలోకి, వచ్చే ముందు ఎండాకాలంలో నాకు పెళ్ళయింది. మా ఆయన నాకు మేనమామే. మా ఊరు బోగోలుకు పడమర, మా వాళ్ళందరిదీ వరి సేద్యం. అమ్మమ్మకు జబ్బు చేస్తే, ఆమె ఉండగానే జరిగిపోవాలని తొందరపడి చేశారు. నన్నెవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. మా మామ ఒక్కడే కాస్త నయం: "దాన్ని స్కూలు ఫైనలు దాకా చదువుకోనీండి, నాకేం తొందర్లేదు" అన్నాడు. కానీ పెళ్ళయిన పిల్లల్ని ఆ హాస్టల్లో ఉంచుకోరు. అందుకని మా నాన్న అక్కడ ఆ మాటే ఎత్తలేదు. తాళి రవికె లోపలికి వేసుకుని దాచుకోమని చెప్పి పంపింది అమ్మ.

పదిమందితో కలిసి బావి దగ్గర నీళ్ళు పోసుకునే చోట అది ఎట్లా దాగుతుంది? చేరిన మర్నాడే విప్పేసి, రుమాల్లో మూటకట్టి, పెట్టె అడుగున లంగాల కింద పెట్టాను. తాళి తీశానని తెలిస్తే అమ్మ నన్ను బతకనిచ్చేది కాదు. హాస్టల్లో ఎవరైనా ఆ మూట విప్పితే నా చదువు ఆ పూటతో సరి. ఆ భయంతోనే పడుకునేదాన్ని, ఆ భయంతోనే లేచేదాన్ని.

ఆ చలికాలంలో సైన్సు టీచరుగారి చేతిగడియారం పోయింది. ఆవిడ ఒక మధ్యాహ్నం మా హాస్టల్లో భోంచేసి, చేతులు కడుక్కునేటప్పుడు దాన్ని తీసి నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టారు. తిరిగి చూస్తే లేదు. హెడ్మిస్ట్రెస్‌గారు వచ్చి, పిల్లల పెట్టెలన్నీ వరండాలోకి తెప్పించి, అందరి ఎదుటా గుమ్మరించి చూడాలన్నారు. మేం పెట్టెలు మోసుకొచ్చి వరసగా నిలబడ్డాం. నేను పెట్టె మూతను రెండు చేతులా అదిమి పట్టుకోవడం చూసి పక్కపిల్ల, "ఏమే, నువ్వు గానీ తీసినావా?" అని చెవిలో అడిగింది.

వార్డెనమ్మగారు హెడ్మిస్ట్రెస్‌గారికి అడ్డం వెళ్ళి నిలబడ్డారు. "అమ్మా, ఇట్టా వొద్దు. ఆడపిల్లలు. నెల బట్టలుంటాయి, ఏమేమో ఉంటాయి. పదిమందిలో పరిచి చూపించొద్దు."

"తప్పు చేయనివాళ్ళకు భయమెందుకండీ?" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

"అట్టనా? అయితే నాతో మొదలుపెట్టండి. అప్పుడు తొట్టికాడ నేను గూడా ఉండా గదా."

వద్దంటున్నా వినకుండా లోపలికి వెళ్ళి, తన పెట్టె తనే ఈడ్చుకొచ్చి వరండా మధ్యలో బోర్లించారు. తెల్లచీరలు, బైబిలు, ముక్కుపొడి డబ్బీ, చిరుగులు కుట్టిన లోపలి బట్టలు. చివరికి ఇంత పొడుగు సవరం ఒకటి జారి గచ్చు మీద పడింది. ఆ వయసులో అంత ముడి ఎట్లా వచ్చిందా అని మేమంతా కుళ్ళుకునేవాళ్ళం. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక వరండా అంతా నవ్వులే. భయంతో చస్తున్న నేను కూడా నవ్వాను.

ఆమె మొహం కందిపోయింది. అయినా ఆ సవరాన్ని తీసి, అందరికీ కనబడేటట్టు పట్టుకుని, మా నవ్వు అయ్యేదాకా ఆగారు. తర్వాత హెడ్మిస్ట్రెస్‌గారి వైపు తిరిగి, "నేనేం దొంగతనం చెయ్యలా. అయినా చూడండి, సిగ్గుతో చచ్చిపోతా ఉండా" అన్నారు.

మళ్ళీ ఎవరూ నవ్వలేదు. హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి ఎలా చూద్దామంటారు?" అన్నారు. ఒక్కొక్క పిల్లనూ పెట్టెతో తన గదిలోకి పంపమని, తలుపు వేసుకుని తానే చూస్తానని, పూచీ తనదేనని వార్డెనమ్మగారు చెప్పారు. హెడ్మిస్ట్రెస్‌గారు సరేనన్నారు.

నా వంతు వచ్చింది. గదిలో మేమిద్దరమే. "తియ్యి" అన్నారు. ఒక్కొక్క గుడ్డా తీసి మంచం మీద పెట్టాను. అన్నీ అయిపోయి అడుగున రుమాలు మూట మిగిలింది. దాన్ని పెట్టెలోనే వదిలేసి నిలబడ్డాను. ఆమె ఆ మూట చూశారు, నా మొహం చూశారు. గడియారం పట్టేంత మూటే అది.

"అందులో గడియారముండాదా?"

"లేదమ్మా."

"నా మొహం చూసి చెప్పు."

"లేదమ్మా. అది నాది."

"అయితే విప్పబాక. గుడ్డలు సర్దుకో" అని కిటికీ వైపు తిరిగారు. నేను మూత వేసిన చప్పుడు వినబడేదాకా ఇటు చూడలేదు.

బయటికొచ్చి పెట్టె నా చోట పెట్టి, దాని మీదే కూచున్నాను. ఆ మూటలో నిజంగా గడియారం ఉండి మర్నాడు బయటపడితే పోయేది ఆమె ఉద్యోగమే. అది నాకు అప్పుడు తట్టలేదు.

గడియారం దొరకలేదు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. మాలోనే ఎవరో ఆమె మొహం చూసి అబద్ధం చెప్పి ఉండొచ్చు. హెడ్మిస్ట్రెస్‌గారు ఆ ఏడంతా ఆమెతో ముక్తసరిగానే మాట్లాడారు. నేను మాత్రం స్కూలు ఫైనలు పాసై, ట్రైనింగు చేసి, ఇప్పుడు దొరవారిసత్రం దగ్గర ఒక బడిలో పంతులమ్మను. ఆ మధ్యాహ్నం ఆ మూట విప్పించి ఉంటే ఇందులో ఏ ఒక్కటీ జరిగేది కాదు. మా బడిలో ఏదైనా పోతే పిల్లల జేబులు, సంచులు తిరగేయించడం మామూలు. నా తరగతిలో నేను అడిగి ఊరుకుంటాను. ఒకళ్ళిద్దరు నన్ను మోసం చేస్తారు. చెయ్యనీ.

పోయిన ఏడాది మేమిద్దరం ఆమెను చూడటానికి బిట్రగుంట వెళ్ళాం. నా మెడలో తాళి పైకే ఉంది. ఆమె దాన్ని చూశారు, మా ఆయన్ను చూశారు. పెళ్ళెప్పుడయిందని అడుగుతారు, అంతా చెప్పేద్దామని కాచుకుని కూచున్నాను. అడగలేదు. చేపల పులుసుతో అన్నం పెట్టి, ఎండలో వద్దంటున్నా స్టేషను దాకా వచ్చారు.

ప్లాట్‌ఫారం మీద ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను. "అమ్మా, ఆ రోజు నా మూటలో..."

"వొద్దులేమ్మా. నేను అడగలా. నువ్వు చెప్పబాక."

"ఇప్పుడు చెప్తే ఏం పోతాదమ్మా?"

"ఏం పోదు. నీది నీ కాడే ఉండనీ."

సంగతంతా తెలిసిన మా ఆయన పక్కన నిలబడి మీసాల్లో నవ్వుకుంటున్నారు. రైలొచ్చింది, ఎక్కాం. బండి కదిలాక నాకు ఇంక ఆగలేదు. ఇంత చేసిన మనిషికి చెప్పకుండా ఎట్లా వెళ్ళడం అనిపించి, కిటికీ ఊచలకు మొహం ఆనించి, "తాళి, అమ్మా! నా తాళి!" అని అరిచాను. ఆమె రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, వినననట్టు తల అడ్డంగా ఊపుతూ, నవ్వుతూ నిలబడి ఉన్నారు.