నోటినిండా బొండాం నీళ్ళు

మా చెల్లికి పుట్టినప్పటి నుంచీ కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి. మాట వస్తుంది గానీ నిదానంగా. ఒక్క మాట బయటికొచ్చేలోపు కొత్తపేట బస్సు రావులపాలెం వెళ్ళి తిరిగొచ్చేస్తుంది. అంతసేపు ఆగే ఓపిక మా వంశంలో ఏడు తరాలుగా లేదు. అందుకని ముప్పై ఏళ్ళుగా దాని మాటలన్నీ మా అమ్మే మాట్లాడేస్తోంది.

ఇలాంటివాళ్ళ ఇంటివాళ్ళకీ, ఊళ్ళో వాళ్ళ మంచిచెడ్డలు చూసే ఆశా కార్యకర్తలకీ కలిపి కొత్తపేటలో శిక్షణ పెట్టారు. చెల్లిని తీసుకుని అమ్మా నేనూ వెళ్ళాం. నేర్పడానికి వచ్చినావిడ తిన్నగా మా చెల్లినే అడిగింది.

"మధ్యాహ్నం ఏం తింటారండి?"

"పాలన్నమండి. అదంటే ప్రాణమండి దానికి," అంది అమ్మ.

"మీరు కాదండి, తను చెప్పాలి."

"ఆయ్, తనే చెప్తుందండి. నోరు నాదంతే."

"పాలన్నమేనండి, నేను చూసేనండి," అని మా ఊరి ఆశా కార్యకర్త సాక్ష్యం కూడా పలికింది.

అప్పుడే మర్యాదగా అందరికీ కొబ్బరి బొండాం నీళ్ళు పంచుతున్నారు. నేర్పడానికి వచ్చినావిడ ఆ గ్లాసుల వంక చూసింది. "అందరూ ఒక్కో గుక్క నోట్లో పట్టండి. తను జవాబు చెప్పేదాకా మింగకూడదు."

నలభై జతల బుగ్గలు గుమ్మడికాయలయ్యాయి. గోదావరి పుట్టాక కోనసీమలో అంత నిశ్శబ్దం అదే మొదలు. అమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. చెల్లి మెడ తిప్పింది, పెదాలు కూడదీసుకుంది.

"చే... పల... పులుసు."

అమ్మ నోట్లో నీళ్ళు నాలుగు వరసలు దాటి వెళ్ళాయి.

"పొలమారుతుందని భయమండి... దీని ముందే తినేవాళ్ళమండి, ఇన్నేళ్ళూ..." అని ఆగిపోయింది. అమ్మ మాట మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ చెల్లి మింగే తీరు చూసి, అన్నం మెత్తగా మెదిపి, ముల్లు లేకుండా పులుసు కలిపి, నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెం పెట్టొచ్చని చెప్పింది.

మర్నాడు మా ఇంట్లో పులుసు. అమ్మ పులుసు తిని శత్రువులు వియ్యంకులైపోయారని చెప్పుకుంటారు, చెప్పేది నేనే అనుకోండి. అమ్మ చెల్లికి మొదటి ముద్ద పెట్టి, "ఎలా ఉందే?" అని అడిగి, ఎవరూ చెప్పకుండానే గ్లాసెత్తి నోటినిండా నీళ్ళు పట్టింది.

బస్సు వెళ్ళింది. వచ్చింది.

"ఉప్పు... తక్కువ."

నలభై ఏళ్ళ కాపురంలో మా నాన్న అనలేకపోయిన మాట! ఆయన భయంతో కంచం దగ్గరికి లాక్కున్నాడు.

అమ్మ గుటక వేసింది. లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది.

"ఎంతెయ్యమంటావే?" అని అడిగి, మళ్ళీ గ్లాసెత్తింది.