ఒక కొండ రెండైన సంగతి

2001లో నేను గుంటూరు నుంచి బదిలీ మీద విజయవాడ సర్వే ఆఫీసుకు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వచ్చాను. ఆ వేసవిలోనే, ఆదివారాలు కొండలెక్కే ఒక బృందం మా అధికారిని కలిసి, చుట్టుపక్కల కొండలను ఎత్తునుబట్టి తరగతులుగా విడదీసి ఇమ్మని అడిగింది. సెలవు రోజుల్లో చేసుకోమని ఆయన నోటిమాటగా అనుమతించి, పనిని నా నెత్తిన పెట్టారు. నిజానికి నాకు సంబరంగానే ఉంది. పొలం గట్ల తగాదాలు కొలిచి కొలిచి విసుగెత్తి ఉన్నాను. కొండలకు వాటాదారులుండరు కదా అనుకున్నాను.

డెల్టా నేల చదును. మావైపు తాటిచెట్టును మించి లేచిందల్లా కొండే. మంగళగిరి కొండ ఎక్కినవారూ, ఊరి వెనక గుట్ట ఎక్కినవారూ ఒకే గొప్ప చెప్పుకుంటే బృందంలో తగువులు రాక మానవు. అందుకని రెండు షరతులు పెట్టాను. సముద్రమట్టం నుంచి ఎత్తు వంద మీటర్లు దాటాలి. పక్క శిఖరానికీ దీనికీ మధ్య ఉన్న పల్లం నుంచి కనీసం ముప్పై మీటర్లు లేవాలి. రెండోది లేకపోతే ఒకే కొండ మీది ప్రతి మూపురమూ తానో కొండనని పేచీ పెడుతుంది. రెండూ నెగ్గితే కొండ, లేకపోతే గుట్ట.

పాత మ్యాపు చూసి ముందుగా ఒక పట్టిక ఇచ్చి, తర్వాత ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టాను. బృందం పెద్ద కరీం గారు వన్‌టౌన్‌లో గొడుగుల హోల్‌సేల్ వ్యాపారి. మోకాళ్లు అరిగిపోయాయి, వానాకాలంలో ఆపరేషన్, ఆ తర్వాత కొండల మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశారు. ఈలోగా పట్టికలోని కొండలన్నీ ఎక్కిన తొలి మనిషి కావాలని ఆయన ఆశ. చివరిదీ ఎక్కేశారు. మిత్రులు సన్మానానికి హాలు మాట్లాడి, శాలువా కూడా కొన్నారు. మా ఊళ్లో సన్మానం అనుకున్నాక ఇక ఆగడం కల్ల.

సరిగ్గా ఆ వారమే పడమటి వైపున్న జంట శిఖరాల కొండకు వెళ్లాను. కాలువ వంతెన మీది బెంచ్ మార్కు, అంటే ఎత్తు ఖాయంగా తెలిసిన గుర్తు, అక్కడినుంచి మొదలుపెట్టి థియోడొలైట్‌తో కోణాలు చదివాను. రెండు శిఖరాల మధ్య పల్లాన్ని క్వారీ వాళ్లు లోతుగా తవ్వేశారు. మ్యాపులో మూపురంగా ఉన్న చిన్న శిఖరం ఇప్పుడు నా షరతులు రెండూ నెగ్గింది. ఒక కొండ రెండైంది. కరీం గారికి ఇంకొకటి మిగిలింది.

సన్మానం అయ్యేదాకా మ్యాపులో ఉన్నట్టే ఉంచమని మిత్రులు బతిమాలారు. నేను ఒప్పుకోలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో నాకు వినబడేట్టే గొణిగారు. బాధగానే ఉంది. అయినా దుకాణానికి నేనే వెళ్లి చెప్పాను. కరీం గారు మోకాలు రుద్దుకున్నారు.

"అయితే క్వారీ వాళ్లు నాకోసం ఓ కొండ చేసిపెట్టారన్నమాట. ఆ శాలువా అక్కడికే తెమ్మనండి. ఎక్కాకే కప్పించుకుంటా" అన్నారు.

ఆ ఆదివారం అందరం వెళ్లాం. ఆయన కర్ర ఊతంతో, రాయి కనబడ్డచోటల్లా కూర్చుంటూ ఎక్కారు. పైన శాలువా కప్పాం. దిగేటప్పుడు నిటారు చోట్ల కూర్చుని జారుతూ వచ్చారు, శాలువా మాత్రం మట్టి కాకుండా మెడకు చుట్టుకున్నారు. ఆ రోజు నా అంత సంతోషించినవాడు ఇంకొకడు లేడు.

కొన్నేళ్లకు, రిటైరయ్యే ముందు, అన్నీ మళ్లీ కొలిచాను. ఆ చిన్న శిఖరం లేదు. కంకరగా మారి ఏయే రోడ్ల కిందికో వెళ్లిపోయింది. పట్టికలోంచి తీసేయాల్సి వస్తోందని ఈసారీ నేనే వెళ్లి చెప్పాను.

"కొట్టేయండి సర్వేయర్ గారూ, అది మీ పని. నేను ఎక్కింది మాత్రం ఎక్కిందే" అన్నారాయన, గొడుగులు కట్టలు కట్టిస్తూ.

కొండలకూ వాటాదారులుంటారని అప్పటికి నాకు అర్థమైంది. ఆ పట్టికలో ప్రతి ఎత్తు పక్కనా కొలిచిన తేదీ వేసి మరీ బృందానికి అప్పగించాను. తేదీ లేని ఎత్తు సగం కొలతే.