మగ్గం ఆగిందని అనకూడని ఇల్లు

మా చిన్నతనంలో... నగరిలో మా వీధి మొదట్లో నిలబడితే చాలు, మరమగ్గాల టకటకలకు చెవులు దిబ్బళ్లు పడేవి. ఆ మోతలోనే నిద్రపోయాం, ఆ మోతలోనే చదువుకున్నాం.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మగ్గం 'ఆగింది' అనకూడదు. కరెంటు పోతే మా అవ్వ "మగ్గం కునుకు తీస్తా ఉండాది" అనేది. ఎవరైనా నోరు జారితే చీవాట్లే...

ఏడో తరగతిలో ఇంగ్లీషు సారు 'గ్రైండ్ టు ఎ హాల్ట్' అనే మాట నేర్పారు. ఠక్కున ఆగడం కాదట... మూలుగుతూ, నెమ్మదిస్తూ, చివరికి పూర్తిగా నిలిచిపోవడం. యంత్రాలకే కాదు, వానలో చిక్కుకున్న బస్సులకూ, సగంలో పడకేసిన పనులకూ వాడొచ్చన్నారు. సొంత వాక్యం రాయమంటే నేను రాసింది ఇదీ... 'మై ఫాదర్స్ లూమ్ గ్రౌండ్ టు ఎ హాల్ట్.'

సారు భేష్ అన్నారు. ఇంటికొచ్చి నాయనకు చదివి వినిపించి, 'మా నాయన మగ్గం మూలుగుతూ మూలుగుతూ నిలిచిపోయింది' అని అర్థం కూడా చెప్పాను. అవ్వ ముఖం మాడ్చుకుంది. నాయన మాత్రం నవ్వాడు.

"ఇంగ్లీషులో అంటే మగ్గానికి ఏం తెలుస్తాదిలే పాపా... ఇంగోసారి సదువు."

వారం తిరక్కుండానే, మగ్గం ముందు నిలబడ్డ నాయన నిలబడ్డట్టే కుప్పకూలాడు. పక్షవాతం. అమ్మ పరుగున వచ్చి స్విచ్ కట్టేసింది. మగ్గం... టక... టక... అంటూ, అచ్చం సారు చెప్పినట్టే నిలిచిపోయింది.

మర్నాడు ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. అంతా నా వల్లే జరిగిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నాయన మళ్లీ మగ్గం ముట్టలేదు. మాట ముద్దగా వచ్చేది. అయినా ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, ఆ ఇంగ్లీషు ముక్క చెప్పమనేవాడు. బిడ్డ చదువు నలుగురికీ చూపించుకోవాలని ఆశ, పాపం. ప్రతిసారీ మర్చిపోయానని అబద్ధం చెప్పాను. పోయే ముందు కూడా అడిగాడు... అప్పుడూ అదే చెప్పాను.

మొన్న మా అమ్మాయి హోంవర్కులో అదే మాట వచ్చింది. అర్థం చెప్పాను, ఎక్కడెక్కడ వాడాలో చెప్పాను. సొంత వాక్యం మాత్రం ఇంట్లోవాళ్ల మీద రాయొద్దన్నాను. ఎందుకని అడిగింది. పుస్తకం మూసి, అన్నానికి లేవమన్నాను.

ఇప్పుడు మా వీధిలో సగం మగ్గాలు పాత ఇనుము కింద వెళ్లిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నడవాలంటే నాకు భయం. వెనక నుంచి నాయన అడుగుతున్నట్టే ఉంటుంది...

మీ ఇళ్లలోనూ పలకకూడని మాటలు ఉండేవా? ఉంటే కింద రాయండి. నేనైతే ఆ వాక్యాన్ని ఇన్నేళ్ల తర్వాత, ఈరోజే, మీ అందరి ముందు మళ్లీ రాశాను.

మర్సిపోలేదు నాయనా...